వాల్టర్ నెఫ్ నిజంగా డబ్బు కోసమే చంపాడా? (పాత నోయిర్ సినిమాలు, అరిషడ్వర్గాలు)

పాతరీలు · శనివారం రాత్రి 11:42

‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) ఇవాళ మళ్లీ చూశాను. ఐదోసారో ఆరోసారో, లెక్క లేదు. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతాను. మొదట్లోనే, భుజంలో తూటాతో అర్ధరాత్రి ఆఫీసుకొచ్చిన బీమా ఏజెంట్ వాల్టర్ నెఫ్ డిక్టాఫోన్ (మాట రికార్డు చేసే యంత్రం) ముందు కూర్చుని నేరం ఒప్పేసుకుంటాడు కదా, డబ్బు కోసం, ఒక ఆడదాని కోసం చంపాను, తీరా చూస్తే డబ్బూ దక్కలేదు ఆడదీ దక్కలేదు అని. ఈ మాట అందరికీ నచ్చుతుంది. నాకేమో అది అబద్ధంలా వినిపిస్తుంది. మనల్ని మోసం చెయ్యడానికి చెప్పే అబద్ధం కాదు, తనకి తాను చెప్పుకునే రకం.

చూడండి, అతనికి డబ్బు ఇబ్బంది ఉన్నట్టు సినిమాలో ఎక్కడా కనపడదు. అప్పుల్లేవు, పేకాట లేదు, ఇంటి దగ్గర పెళ్లికెదిగిన చెల్లెళ్లు లేరు. 35 ఏళ్లు, పెళ్లి కాలేదు, ఉద్యోగం బాగుంది, మాట చురుకు. చచ్చినవాడి పెళ్లాం ఫిల్లిస్ మీద కోరిక ఉందనుకోండి, కాదనను, మెట్ల మీద ఆ కాలి పట్టీ చూసిన క్షణం నుంచి ఉంది. కానీ మధ్యలో ఒకచోట అసలు సంగతి కక్కేస్తాడు. రాత్రీ పగలూ కస్టమర్లు కంపెనీని ఎలా బురిడీ కొట్టిస్తారో కనిపెట్టడమే పనిగా బతుకుతాం, జూదశాలలో చక్రం తిప్పేవాడిలాగా, అలా ఉండగా ఒక రాత్రి మనమే బురిడీ కొట్టిస్తే ఎలా ఉంటుందీ అనే ఆలోచన వస్తుంది అంటాడు. ఫిల్లిస్ గుమ్మంలో కనపడక ముందే వాడి బుర్రలో ప్లాన్ ఉంది. ఆమె వచ్చి తలుపు తట్టింది, అంతే.

నా దృష్టిలో ఇది లోభం కాదు, కామం కూడా కాదు, మదం. “నేను పట్టుబడను” అనే మదం. మీరేమంటారు?

---

సోడాబుడ్డి · శనివారం రాత్రి 11:58

అన్నా, నిద్ర పట్టక ఎక్కువ ఆలోచిస్తున్నావు. 50 వేల డాలర్ల పాలసీ, రైల్లో చస్తే డబుల్ అంటే లక్ష. 1944లో లక్ష డాలర్లు! దానికి మళ్లీ వేరే కారణం వెతకాలా? దురాశ. అయిపోయింది. థ్రెడ్ మూసేయండి.

---

బీమాబాబాయ్ · ఆదివారం ఉదయం 7:15

నమస్కారం అందరికీ. రోజూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, రాసేవాణ్ణి కాదు. రాత్రి ఈ పోస్టు చూసి, బీమా అన్నారు కదా అని కూర్చుని ఆ సినిమా మొత్తం చూశాను, పొద్దున్న మూడయింది, ఇంట్లో చీవాట్లు పడ్డాయి. నేను రాజమండ్రిలో 22 ఏళ్లుగా బీమా ఏజెంట్‌ని. మా దగ్గర కూడా ఇలాంటిది ఉంది, డబుల్ యాక్సిడెంట్ బెనిఫిట్ అంటాం, ప్రమాదంలో పోతే నామినీకి రెండింతలు వస్తుంది. కాబట్టి ఈ సినిమా నాకు వేరేగా అర్థమైంది, తప్పయితే చెప్పండి.

ఆ సంతకం సీను చూసి నాకు చెమటలు పట్టాయి. భర్తకి కారు ఇన్సూరెన్స్ కాగితమని చెప్పి, డూప్లికేట్ అని ఇంకో కాగితం కింద పెట్టి, ప్రమాద బీమా ప్రపోజల్ మీద సంతకం చేయించేస్తాడు. పక్కన కూతుర్నే సాక్షిగా కూర్చోబెట్టి! ఏజెంట్ చేతిలో ఎంత నమ్మకం ఉంటుందో బయటివాళ్లకి తెలీదు. “ఎక్కడ పెట్టమంటారండీ సంతకం” అని అడుగుతారు తప్ప కాగితం ఎవరూ చదవరు. నా దగ్గర ఇప్పటిదాకా చదివి సంతకం పెట్టినవాళ్లు పదిమంది ఉంటారేమో, అందులో ఇద్దరు లెక్కల మాస్టార్లు.

ఇక పాతరీలు గారు చెప్పిన దురద నిజం. ఇరవై ఏళ్లు క్లెయిమ్ ఫారాలు నింపితే ఏ కాలమ్‌లో ఏం రాస్తే కళ్లుగప్పొచ్చో తెలిసిపోతుంది. తాళాలు బాగుచేసేవాడికి ప్రతి తలుపూ ఎలా తెరుచుకుంటుందో తెలిసినట్టే. తెలియడం వేరు, చెయ్యడం వేరు అనుకోండి. కానీ తెలుసు అన్న గర్వం ఒకటి లోపల కూర్చుని ఉంటుంది. నెఫ్‌ని చూస్తుంటే ఆ గర్వం గుర్తుపట్టాను, అదీ నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

ఇంకోటి. వాళ్లు దొరికిపోయేది ఎక్కడ? ఆ భర్తకి చావుకి ముందే కాలు విరిగింది. ప్రమాద బీమా ఉన్నవాడు కాలు విరిగితే క్లెయిమ్ వెయ్యాలి కదా? ఎందుకు వెయ్యలేదు? పాలసీ ఉన్నట్టు అతనికే తెలీదు కాబట్టి. క్లెయిమ్స్ చూసే కీస్ ఈ మాట అన్నప్పుడు నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. భర్త వేషంలో చేతికర్రలతో రైలెక్కడం, అన్నీ సరిగ్గా చేసి ఇంత చిన్నది వదిలేశాడు. తెలివిగలవాడినన్న ధీమా ఉన్నవాడే ఇలాంటిది వదిలేస్తాడు.

---

టార్చిలైటు (మోడరేటర్) · ఆదివారం ఉదయం 8:02

స్పాయిలర్ హెచ్చరిక పెట్టమని ఇద్దరు ప్రైవేటుగా రాశారు. 80 ఏళ్లు దాటిన సినిమా అండీ. అయినా పెడుతున్నాను: ఈ థ్రెడ్‌లో అందరూ చస్తారు.

బీమాబాబాయ్ గారూ, స్వాగతం. ఇలాగే రాస్తూ ఉండండి.

---

కొత్తగా_చేరా · ఆదివారం ఉదయం 9:20

చిన్న డౌట్. నోయిర్ అంటే ఏంటి? నల్లగా ఉంటే చాలా?

---

పాతరీలు · ఆదివారం ఉదయం 9:41

ఫ్రెంచిలో నలుపు. పలకడం “న్వార్”కి దగ్గరగా ఉంటుందట, మన నాలిక తిరిగినట్టు పిలుచుకుందాం. యుద్ధం ఉన్నన్నాళ్లూ ఫ్రాన్స్‌లోకి అమెరికా సినిమాలు రాలేదు. అయిపోయాక ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఏంటి ఇవన్నీ ఇంత చీకటిగా ఉన్నాయీ అని 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు ఈ పేరు వాడాడు. తమాషా ఏంటంటే తీసినవాళ్లకి తాము నోయిర్ తీస్తున్నామని తెలీదు. వాళ్ల లెక్కలో అవి క్రైమ్ సినిమాలు, మెలోడ్రామాలు.

కిటికీ తెరల చారల నీడలూ, తడిసిన రోడ్లూ, సిగరెట్ పొగా ఉంటాయి, నిజమే. కానీ నాకు అసలు గుర్తు వేరే. మామూలు క్రైమ్ సినిమాలో దొంగ ఎవరు అని చూస్తాం. ఇందులో వాడు ఎందుకు దొంగయ్యాడు, ఏ మెట్టు దగ్గర వెనక్కి తిరిగి ఉండొచ్చు, ఎందుకు తిరగలేదు అని చూస్తాం.

---

నీలిగోరింట · ఆదివారం మధ్యాహ్నం 1:10

భోంచేసి తీరిగ్గా రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

నెఫ్‌కి మదమా లోభమా అని మీరంతా కొట్టుకుంటున్నారు, బాగుంది. ఫిల్లిస్‌కి ఏంటి అని ఎవరూ అడగలేదేం? ఆవిడ చెడ్డది, అంతే కదా? మగవాడి పాపానికి ఆరు పేర్లు కావాలి, ఆడదాని పాపానికి “ఆడది” అన్న పేరు ఒక్కటి చాలు.

సినిమా మొత్తం ఎవరు చెబుతున్నారో గమనించండి. నెఫ్. అదీ డిక్టాఫోన్‌లో, తను గొప్పగా చూసే కీస్ వినడానికి. మనం విన్నదంతా ఒక ముద్దాయి వాంగ్మూలం. ఫిల్లిస్ దగ్గర డిక్టాఫోన్ లేదు. ఆవిడ మొదటి భార్యకి నర్సుగా వచ్చి, ఆవిణ్ణి చంపి, ఆ ఇంటి కోడలైందని సవతి కూతురు లోలా చెబుతుంది. అది నిజమే అయ్యుండొచ్చు, ఆవిణ్ణి దేవతని చెయ్యడం లేదు నేను. కానీ చివర్లో ఒకసారి కాల్చి, రెండోసారి కాల్చలేక ఆగిపోతుంది చూశారా, అక్కడ ఫిల్లిస్‌గా వేసిన బార్బరా స్టాన్విక్ మొహంలో ఏదో కదులుతుంది, తనకే అర్థం కాని సంగతేదో. నిన్నే కాదు ఎవర్నీ ప్రేమించలేదు, ఈ నిమిషం ముందు దాకా అంటుంది. నెఫ్ నమ్మడు, కాల్చేస్తాడు. నమ్మితే అతని కథ అంతా తలకిందులైపోతుంది కదా మరి.

‘అవుట్ ఆఫ్ ది పాస్ట్’ (1947) కూడా అంతే. కేథీ ఒకణ్ణి కాల్చి 40 వేల డాలర్లతో మెక్సికోకి పారిపోయిందని రాబర్ట్ మిచమ్‌కి ముందే తెలుసు. ఆ పని మీదే వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ డబ్బు తియ్యలేదని ఆమె అనబోతే, వినడం కూడా ఇష్టం లేక, నాకేం పట్టదు అని ముద్దు పెట్టుకుంటాడు. తర్వాత “నన్ను మోసం చేసింది” అని ఏడుపు. కేథీ ఒకచోట అననే అంటుంది, నేను ఇలాంటిదాన్నే అని ఎప్పుడూ దాచలేదు, నువ్వే వేరేగా ఊహించుకున్నావు అని. దీన్ని మోహం అనండి, ఒప్పుకుంటా. కళ్లు తెరిచి నిప్పుల గుండంలో దిగి, ఎవరో తోశారనడం.

---

సోడాబుడ్డి · ఆదివారం మధ్యాహ్నం 1:52

అక్కా, సంతకం పెడతా. కాకపోతే దురాశని మరీ తీసిపారేస్తున్నారు మీరంతా. ‘ది మాల్టీస్ ఫాల్కన్’ (1941) చూడండి. లావుపాటి గట్‌మన్, ఆ నల్ల పక్షి బొమ్మ కోసం 17 ఏళ్లు ఊరూరూ తిరుగుతాడు. దాని కోసం ఎంతమంది చస్తారో. తీరా చేతికొచ్చాక చాకుతో గీరి చూస్తే సీసం, నకిలీ. ఒక్క నిమిషం మొహం పాలిపోతుంది. ఆ తర్వాత నవ్వుతాడు! సరే, ఇంకో ఏడాది అవుతుంది, ఇస్తాంబుల్ వెళదాం పదండి అంటాడు. లోభం అంటే అది. వస్తువు దొరక్కపోయినా లోభం అలాగే ఉంటుంది.

---

పాతరీలు · ఆదివారం మధ్యాహ్నం 2:05

నువ్వు నా వాదనే బలం చేస్తున్నావు బుడ్డీ. ఆ క్షణానికి అతనికి కావలసింది బంగారం కాదు, వేట.

---

సోడాబుడ్డి · ఆదివారం మధ్యాహ్నం 2:07

నేనేం రాసినా నీ వాదనకే బలం. నువ్వు వకీలువా?

---

ఇరానీచాయ్ · ఆదివారం సాయంత్రం 5:30

లేటుగా వచ్చినా, ఏమనుకోకండి, దోస్తు పెళ్లి ఉండె. నీలిగోరింట గారు ముద్దాయి వాంగ్మూలం అన్నారు కదా, ఆ మాట పట్టుకుంటే ‘డీటూర్’ (1945) గురించి మాట్లాడక తప్పదు. చాలా తక్కువ ఖర్చుతో ఎడ్గర్ ఉల్మర్ తీసిన సినిమా, గంట పైన కొన్ని నిమిషాలు, అంతే. దాంట్ల హీరో ఆల్ రాబర్ట్స్ అని పియానో వాయించేటోడు. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్‌కి లిఫ్టులు అడుక్కుంటూ పోతుంటాడు. లిఫ్ట్ ఇచ్చిన హాస్కెల్ అనే ఆయన దారిలో కారులోనే చచ్చిపోతాడు, లేదా చచ్చేలా ఉంటాడు. ఆల్ తలుపు తీస్తే కిందపడి తల రాయికి కొట్టుకుంటుంది. పోలీసులు నన్ను నమ్మరు అని శవాన్ని దాచి, బట్టలు, పర్సు, కారు తీసుకుని ఆయన పేరుతోనే పోతాడు. తర్వాత వీరా అనే ఆమెకి లిఫ్ట్ ఇస్తాడు, ఆమె అంతకు ముందే హాస్కెల్ కారులో వచ్చిన మనిషి! ఇక నరకం. చివరికి ఆమె కూడా “పొరపాటున” చస్తది, మూసిన తలుపు ఇవతల నుంచి ఇతను ఫోన్ తీగ గుంజితే, అవతల అది ఆమె మెడకి చుట్టుకుని ఉంటది.

రెండు చావులు, రెండూ పొరపాటే. అంతా తలరాత, విధి ఎవరి మీద చెయ్యి పెడుతుందో ఎవరికీ తెలీదు అంటాడు. మొదటిసారి చూసినప్పుడు పాపం అనిపించింది. రెండోసారి చూస్తుంటే మా వాడకట్టులో ఒక మనిషి గుర్తొచ్చిండు, పేరెందుకుగానీ, ఎవరి పైసలు తీసుకున్నా “టైం బాగలేదు అన్నా” అనేటోడు. ఎప్పుడూ వాడి టైమే బాగుండదు, పైసలు మాత్రం మనవి పోతయి. ఆల్ కూడా అంతే. పోలీసులు నమ్మరు అని ముందే తీర్పు ఇచ్చుకున్నాడు కానీ ఒక్కసారి కూడా పోలీసు దగ్గరికి పోయి చూడలే. శవం పర్సు మాత్రం వెంటనే తీసిండు.

అరిషడ్వర్గాలల్ల పిరికితనానికి పేరుందా?

---

నీలిగోరింట · ఆదివారం సాయంత్రం 5:48

పేరు లేదు. ఉండాల్సింది.

వీరా గురించి ఒక్క మాట. ఆన్ శావేజ్ ఆ పాత్రలో అరుస్తుంది, కరుస్తుంది, ఎవరికీ నచ్చదు. కానీ సినిమా పొడుగునా దగ్గుతూనే ఉంటుంది గమనించారా? ఎక్కువ రోజులు బతకనని ఆవిడకి తెలుసు. రేపు లేని మనిషి ఆశ ఎలా ఉంటుందో అది చూపించింది. ఆల్ మాత్రం ఆ దగ్గు గురించి చెప్పి కూడా దాని అర్థం పట్టించుకోడు.

---

పడమటిగాలి · ఆదివారం రాత్రి 9:15

నేను లాస్ ఏంజిలిస్‌లో పదేళ్లుగా ఉంటున్నాను, ఈ సినిమాలు ఇక్కడికి వచ్చాకే పట్టుకున్నాయి. ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది. వీళ్లందరికీ శిక్ష పడాల్సిందే అని రూలు. నీతి కోసం కాదు, నిజంగానే రాతపూర్వకంగా ఉన్న రూలు. ప్రొడక్షన్ కోడ్ అని 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. జోసెఫ్ బ్రీన్ ఆఫీసు స్క్రిప్టులు ముందే చదివేది. నేరం చేసినవాడు తప్పించుకోకూడదు, నేరం ఎలా చెయ్యాలో వివరంగా చూపించకూడదు, ప్రేక్షకుడి జాలి నేరం వైపు మొగ్గకూడదు. ‘డీటూర్’ చివర్లో పోలీసు కారు వచ్చి ఆల్‌ని ఎక్కించుకునేది ఆ రూలు పుణ్యమే. ‘డబుల్ ఇండెమ్నిటీ’ కథ కూడా ఏళ్ల తరబడి ఆ ఆఫీసు అభ్యంతరాల వల్లే తెరకెక్కలేదు. నెఫ్‌ని గ్యాస్ ఛాంబర్‌లో చంపే సీను కూడా బిల్లీ వైల్డర్ తీశాడు, తర్వాత తనే అక్కర్లేదని తీసేశాడు.

నా అనుమానం ఏంటంటే, ఈ రూలు వల్లే ఆ సినిమాలు బాగుపడ్డాయి. చివర్లో దొరికిపోతాడని మొదటి రీల్లోనే తెలిసిపోతే, దొరుకుతాడా లేదా అన్న టెన్షన్ పోతుంది. మిగిలేది ఒక్కటే ప్రశ్న, ఎందుకు చేశాడు అని. అందుకే ఇన్ని సినిమాలు వెనక నుంచి మొదలై, హీరో గొంతుతో నడుస్తాయనిపిస్తుంది.

పక్క సంగతి: ‘క్రిస్ క్రాస్’ (1949) లాంటి సినిమాల్లో కనిపించే బంకర్ హిల్ పాత ఇళ్లు ఇప్పుడు లేవు, అన్నీ కూలగొట్టి ఆఫీసు టవర్లు కట్టేశారు. ఏంజిల్స్ ఫ్లైట్ అని గుట్ట ఎక్కే చిన్న రైలుపెట్టె ఒకటి మిగిలింది. దాన్నీ 1969లో విప్పేసి, 1996లో కొంచెం పక్కకి జరిపి మళ్లీ పెట్టారు. మా అమ్మ వచ్చినప్పుడు ఎక్కించాను. “ఇంత చిన్నదానికి టికెట్టా” అంది.

---

బీమాబాబాయ్ · ఆదివారం రాత్రి 9:50

ఆ బీమా హత్య కథ నిజంగా జరిగిందా అండీ? ఎక్కడో విన్నట్టుంది.

---

పాతరీలు · ఆదివారం రాత్రి 10:12

జరిగిందాని నుంచే పుట్టింది బాబాయ్ గారూ. 1927లో న్యూయార్క్ క్వీన్స్‌లో రూత్ స్నైడర్ అనే ఆవిడ, జడ్ గ్రే అనే కార్సెట్లు అమ్మే సేల్స్‌మన్‌తో కలిసి భర్తని చంపింది. రెండింతలు వచ్చే బీమా భర్తకి తెలియకుండా చేయించింది. ఇద్దరూ కోర్టులో ఒకరి మీద ఒకరు నెట్టుకున్నారు. 1928 జనవరిలో ఇద్దర్నీ విద్యుత్ కుర్చీలో చంపేశారు. ఈ సినిమాకి మూలమైన నవల రాసిన జేమ్స్ ఎమ్. కెయిన్ అంతకు ముందు పత్రికల మనిషి.

ఒక ఫొటోగ్రాఫరు కాలికి చిన్న కెమెరా కట్టుకుని లోపలికెళ్లి రూత్ చనిపోయే క్షణం ఫొటో తీశాడు, మర్నాడు పేపర్లో మొదటి పేజీ నిండా అదే. సినిమాలో కాలి పట్టీతో అంతా మొదలవుతుంది, అసలు కేసు కాలికి కట్టిన కెమెరాతో ముగిసింది. కాకతాళీయమే, కానీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఫొటో కోసం పేపరు కొన్న వాళ్లది ఏ వర్గం కింద వెయ్యాలి?

---

మిరపబజ్జి · సోమవారం ఉదయం 6:40

డ్యూటీకి వెళ్తూ బస్సులో రాస్తున్నా. మీ లిస్టులో మోహం అంటే ఆడా మగా మోహమేనా? ‘మిల్డ్రెడ్ పియర్స్’ (1945) ఏమైంది? భర్త వెళ్లిపోతే హోటల్లో వెయిట్రెస్‌గా చేరి, పైలు చేసి అమ్మి, రెస్టారెంట్ల మీద రెస్టారెంట్లు పెట్టిన మనిషి. ఎవరి కోసం? పెద్ద కూతురు వీడా కోసం. ఆ పిల్లేమో అమ్మ యూనిఫాం చూసి చీదరించుకునే రకం, అమ్మ చేతుల్లో వంటింటి వాసన అంటుంది. ఎంత పోస్తే అంత తాగుతుంది. చివరికి హత్య చేసింది కూతురైతే అమ్మ నెత్తిన వేసుకోబోతుంది.

ఇది మా అమ్మమ్మ చూసి ఉంటే ఒక్క మాటలో తేల్చేసేది, ధృతరాష్ట్ర ప్రేమ. గుడ్డితనం, దానికి త్యాగం అని పేరు. మిల్డ్రెడ్ మంచిది కాదనను, కానీ తను పస్తులుండి కూతురికి పట్టు గౌను కొనడంలో కూడా ఒక రకం గర్వం ఉంది. నా కూతురు నాలా కాకూడదు అనడంలో “నాలా” అన్న మాట మీద ఎంత అసహ్యమో చూడండి. వీడా ఆ అసహ్యాన్ని తల్లి దగ్గరే నేర్చుకుంది.

స్టాపు వచ్చింది, ఉంటా.

---

సోడాబుడ్డి · సోమవారం ఉదయం 10:05

బజ్జీ మూడు నిమిషాల్లో మనందర్నీ కొట్టేసి బస్సు దిగిపోయింది.

ఇక ఒక్కో వర్గానికి ఒక్కో సినిమా అని టేబుల్ వేస్తారేమో, వెయ్యకండి ప్లీజ్. ఒకే మనిషిలో అన్నీ ఉంటాయి, ఏది ఎప్పుడు లేస్తుందో తెలీదు, నోయిర్ అంటేనే అది. ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ (1950)లో డాక్ అనే ముసలాయన. జైల్లోంచి అప్పుడే వచ్చి నగల దుకాణం దోపిడీకి గడియారంలా ప్లాన్ వేస్తాడు. ఎవర్ని నమ్మాలి, ఎంత ఇవ్వాలి, అన్నీ లెక్కే. దురాశ కూడా లెక్క ప్రకారమే ఆయనకి. దోపిడీ తిరగబడుతుంది, అయినా ఈయన టాక్సీ మాట్లాడుకుని ఊరు దాటేస్తాడు. దారిలో ఒక చిన్న హోటల్ దగ్గర ఆగితే ఒక అమ్మాయి పాటలపెట్టె పక్కన డాన్స్ చేస్తుంటుంది. చిల్లర ఇచ్చి ఇంకో పాట వెయ్యమంటాడు, చూస్తూ కూర్చుంటాడు. ముట్టుకోడు, ఏమీ చెయ్యడు. బయట పోలీసులు నిలబడి ఉంటారు. మీరు వచ్చి ఎంతసేపైంది అని అడుగుతాడు. రెండు మూడు నిమిషాలు అంటారు. ఒక పాట అంతసేపు అన్నమాట అనుకుంటాడు.

దీన్ని పాపం అనడానికి నాకు నోరు రావడం లేదు. నిన్న దురాశ, థ్రెడ్ మూసేయండి అన్నది నేనే, గుర్తుంది.

---

పాతరీలు · సోమవారం రాత్రి 10:30

బుడ్డి మారిపోయాడు, రికార్డు చేసుకోండి.

మాత్సర్యం గురించి ఎవరూ రాయలేదు, అది నాకు బాగా ఇష్టమైన సినిమా కాబట్టి నేనే రాస్తా. ఫ్రిట్జ్ లాంగ్ ‘స్కార్లెట్ స్ట్రీట్’ (1945). ‘డబుల్ ఇండెమ్నిటీ’లో కీస్‌గా వేసిన ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్ ఇందులో క్రిస్ క్రాస్ అనే క్యాషియర్. అక్కడ అందర్నీ పట్టుకునేవాడు, ఇక్కడ అందరికీ దొరికేవాడు.

మొదటి సీనులో 25 ఏళ్ల సర్వీసుకి బంగారు గడియారం ఇస్తారు. యజమాని త్వరగా లేచి వెళ్లిపోతాడు, ఎందుకంటే బయట కారులో ఒక పడుచు పిల్ల వెయిటింగ్. క్రిస్ కిటికీలోంచి చూస్తాడు. అలాంటి అమ్మాయి మనల్ని ప్రేమిస్తే ఎలా ఉంటుందో అని పక్కవాడితో అంటాడు. అక్కడ పడింది విత్తనం. ఆ రాత్రే వర్షంలో కిట్టీ ఎదురవుతుంది, ఒకడు ఆమెని కొడుతుంటే గొడుగుతో అడ్డం పడతాడు. ఈయన్ని ఆమె పెద్ద చిత్రకారుడు అనుకుంటుంది, ఈయన కాదనడు. ఇంట్లో భార్య అంట్లు తోమిస్తుంది, బొమ్మలేమో బాత్రూంలో వేసుకుంటాడు, అంత బతుకు.

తర్వాత కిట్టీ కోసం ఆఫీసు డబ్బు కాజేస్తాడు. ఆమె ప్రియుడు జానీ ఆ బొమ్మలు కిట్టీ వేసినట్టుగా అమ్మేస్తాడు, పెద్ద పేరొస్తుంది. ఆ సంగతి తెలిసిన క్రిస్ కోప్పడతాడు అనుకుంటాం కదా? సంబరపడిపోతాడు! పెళ్లయినట్టే ఉంది, కాకపోతే నేను నీ పేరు పెట్టుకున్నా అంటాడు. ఆ సీను నాకు హత్య కన్నా భయంగా ఉంటుంది. చివరికి ఆమె మొహం మీద నవ్వితే ఐసు పొడిచే ఊచతో చంపేస్తాడు, ఆ నేరానికి జానీ చస్తాడు. పడమటిగాలి గారు చెప్పిన కోడ్ ప్రకారం ఇతను తప్పించుకోకూడదు, కానీ తప్పించుకుంటాడు. కోర్టు లేదు, జైలు లేదు, చెవుల్లో ఆ ఇద్దరి గొంతులు మాత్రం ఆగవు. ఆ శిక్ష చాలని బ్రీన్ ఆఫీసు ఒప్పుకుంది. న్యూయార్క్ రాష్ట్ర సెన్సారు ఒప్పుకోలేదు, 1946లో కొన్నాళ్లు నిషేధించారు.

---

నీలిగోరింట · సోమవారం రాత్రి 10:55

క్రోధం ఒకటి మిగిలింది, రెండు ముక్కల్లో. ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’ (1950). బోగార్ట్ వేసిన డిక్స్, సినిమా రచయిత, కోపం వస్తే మనిషి కాడు. హత్య కేసులో అనుమానం. పక్కింటి లారెల్ ప్రేమిస్తుంది, మెల్లగా భయపడుతుంది. అతను నిర్దోషి అని చివర్లో ఫోన్ వస్తుంది. అప్పటికే అతని చేతులు ఆమె మెడ మీదికి వెళ్లి వచ్చాయి. హత్య చెయ్యలేదు అనే మాటకి ఆ గదిలో ఇక ఏ విలువా లేదు. నవలలో అతనే హంతకుడు, సినిమాలో మార్చారు. మార్చడం వల్లే ఎక్కువ భయం వేసింది నాకు, ఎందుకంటే హంతకుల్ని నేను ఎరగను, డిక్స్ లాంటి వాళ్లని ఎరుగుదును.

---

బీమాబాబాయ్ · బుధవారం ఉదయం 6:20

రెండు రోజులు రాలేదు, ఒక క్లెయిమ్ పని మీద కాకినాడ తిరుగుతున్నా. రాత్రి లాడ్జిలో పాతరీలు గారు చెప్పిన ‘స్కార్లెట్ స్ట్రీట్’ చూశాను, ఫోన్లో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. చూడకుండా ఉండాల్సింది, కనీసం ఒంటరిగా.

నెఫ్‌ని చూసినప్పుడు గర్వం గుర్తుపట్టానన్నాను కదా. ఇతన్ని చూస్తే వేరేది గుర్తొచ్చింది. మా ఆఫీసులో పాతికేళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్నాయన ఒకాయన ఉండేవారు, రిటైరయ్యే రోజు శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. ఇంట్లో హార్మోనియం వాయిస్తారని ఆ రోజే తెలిసింది మాకు, ఎవరో సభలో చెబితే. ఒక్కసారి కూడా అడగలేదు మేము. ఆయనేం చెడ్డపని చెయ్యలేదు లెండి, సుబ్బరంగా ఉన్నారు. కానీ క్రిస్ ఆ అమ్మాయి కాలి గోళ్లకి రంగు వేస్తూ, ఇవి కళాఖండాలు అవుతాయి అంటాడు చూడండి, అక్కడ నాకు ఆ హార్మోనియం గుర్తొచ్చింది. అతనికి కావలసింది ఆ పిల్ల కూడా కాదేమో. ఎవరో ఒకరు తన బొమ్మ ముందు ఆగి చూడటం. మీ ఆరింట్లో అది ఏ గదిలోకి వస్తుందో నాకు తెలీలేదు.

చివర్లో కిట్టీ బొమ్మ పదివేల డాలర్లకి అమ్ముడుపోయి ఎవరో మోసుకెళ్తుంటే, అది వేసినవాడు చిరిగిన కోటుతో పక్కనుంచే నడిచిపోతాడు. ఆపి “నాదే” అని చెప్పినా ఎవరు నమ్ముతారు. ఆపేసి లైటు వేసుకుని పడుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం రైలుకి తిరుగు ప్రయాణం. ఈ ఆదివారానికి ఇంకోటి చెప్పండి. రైలు లేనిది అయితే మంచిది, ఇందాక బెర్తు బుక్ చేస్తూ “ప్రమాద బీమా కావాలా” అన్న గడిలో టిక్కు పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది.

---

సోడాబుడ్డి · బుధవారం ఉదయం 6:31

పెట్టారా, లేదా?

---

బీమాబాబాయ్ · బుధవారం ఉదయం 6:33

పెట్టాను. నామినీ పేరు దగ్గర మాత్రం మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను.